మూడో గడి

కుక్క ఉచ్చ పోసిన చోట వేడినీళ్ళు పోయకూడదు. పోస్తే వాసన చాపలోకి ఇంకిపోయి, ఎండ కాసినప్పుడల్లా మళ్ళీ లేస్తుంది. ముందు పాత గుడ్డ పరిచి అరచేత్తో అదమాలి, రుద్దకూడదు. తరవాత చన్నీళ్ళు, తరవాత కాస్త వెనిగర్, ఆ తరవాత మళ్ళీ చన్నీళ్ళు. ఇదంతా నాకు ఎవరూ నేర్పలేదు. పదకొండు నెలలు మోకాళ్ళ మీద కూర్చుని నేర్చుకున్నాను. ఆ పదకొండు నెలలూ నా తల మీదుగా ఒక గొంతు వినిపిస్తూనే ఉండేది. "ఎడమ పక్క ఇంకా తడి ఉంది చూడు."

ఆ గొంతు మా ఊళ్ళో అందరికీ తెలుసు. మా ఆయన బస్టాండులో మైకు గదిలో పనిచేస్తారు. "ప్రయాణికులకు మనవి" అని ఆయన మొదలుపెడితే ఏడుస్తున్న పసిపిల్లలు కూడా ఆగి వింటారట. బస్సు రద్దయిందన్న కబురుని కూడా పెళ్ళి పిలుపులా చదువుతారు. కొత్తగా పరిచయమైనవాళ్ళు నన్ను పట్టుకుని, "అదృష్టవంతులండీ, రోజూ ఆ గొంతు వింటారు" అంటుంటారు. నేను నవ్వుతాను. నాకు భయం వేసినా నవ్వే వస్తుంది. చిన్నప్పటినుంచీ అంతే.

కుక్కని తెచ్చింది ఆయనే. గోధుమరంగు, మొహం కన్నా పెద్ద చెవులు. ఆయన దానికి నోరు తిరగని పేరేదో పెట్టారు. నేనూ అత్తయ్యా చెవులమ్మ అనే పిలుస్తాం. వచ్చిన వారం రోజులు ఆయన దాన్ని చంకలో పెట్టుకుని వీధంతా చూపించారు. ఎనిమిదో రోజు అది చాప తడిపింది. అప్పుడది నా కుక్క అయింది.

దీనికి ముందు ఇంకో కుక్క ఉండేది. ఒక్కదాన్నే వదిలి వెళితే తలుపు గీకేది, మొరిగేది. ఒక ఆదివారం ఆయన దాన్ని షికారుకని తీసుకెళ్ళి, మెడబెల్టు ఒక్కటే పట్టుకుని తిరిగొచ్చారు. "ఊరి బయట వదిలేశా. హాయిగా బతుకుతుందిలే" అని, అన్నం పెట్టమన్నారు. నేను పెట్టాను. ఆ మెడబెల్టుని కడిగి, ఆరబెట్టి, నా చీరల కింద దాచాను. ఎందుకు దాచానో అప్పుడు నాకు తెలియదు.

చెవులమ్మ విషయంలో కూడా ఆయన ఒక సాయంత్రం బూట్లు విప్పుతూ గడువు పెట్టారు. "ఇరవై ఒక్క రోజులు. ఆ తరవాత కూడా ఇల్లు కంపు కొడితే దీన్నీ అక్కడే దింపి వస్తా. ఒక కుక్కని పెంచడం చేతకాదు నీకు."

అత్తయ్య సోఫాలోంచి, "మనిషికి శుభ్రం లేకపోతే జంతువుకెక్కడినుంచి వస్తుందిరా" అంది. ఆవిడ పక్కనే ఆవిడ పిల్లి సోఫా చెయ్యిని గోళ్ళతో చీలుస్తోంది. దాని పేరు దొరసాని. అది ఏం చీల్చినా అత్తయ్య దాని ఒళ్ళు నిమిరేది. అదీ ఈమధ్య ఇసకపెట్టె మానేసి పరుపుల పక్కన పోస్తోంది. కానీ దానికెవరూ గడువు పెట్టలేదు.

మర్నాడు సెలవు పెట్టి చెవులమ్మని నాలుగు వీధుల అవతల ఉన్న పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. తల నెరిసిన ఆవిడ. కుక్కని బల్ల మీదికి ఎక్కించలేదు, తనే వచ్చి నేల మీద కూర్చుంది, మొహం పక్కకి తిప్పుకుని. కాసేపటికి చెవులమ్మే వెళ్ళి ఆవిడ చెయ్యి వాసన చూసింది.

"పోసేటప్పుడు ఎలా ఉంటుందమ్మా?" అని అడిగింది.

"తల వంచుకుంటుందండీ. చెవులు వెనక్కి పెట్టేస్తుంది. తోక కాళ్ళ మధ్యకి."

"అయితే అది పొగరు కాదు, భయం. నేను చిన్నదాన్ని, నన్నేం చెయ్యకు అని చెప్పుకోవడం. కొట్టారా?"

నేను నవ్వాను. ఆవిడ నా నవ్వుని చూసింది, ఇంకేం అడగలేదు. ఆ అడక్కపోవడాన్ని నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

"ఒక పుస్తకం పెట్టండి. మూడే గళ్ళు. ముందు ఏం జరిగింది, కుక్క ఏం చేసింది, తరవాత ఎవరేం చేశారు. మీరు చూసిందే రాయండి, అనుకున్నది వద్దు. మూడు వారాలయ్యాక ఇంట్లోవాళ్ళందర్నీ తీసుకురండి."

చూసింది రాయడం నాకు కొత్త కాదు. నేను బట్టల కార్ఖానాలో చెకింగ్ సెక్షన్‌లో చేస్తాను. రోజుకి తొమ్మిది వందల చొక్కాలు నా చేతుల మీదుగా పోతాయి. "కాలరు, ఎడమ, రెండు కుట్లు వదిలాయి" అని రాస్తాను, టైము వేస్తాను. ఒకసారి, ఫలానా మిషను సూది వంకర వల్లే ఇలా వస్తోందని పక్కన రాస్తే సూపర్‌వైజరు ఆ కాగితం అందరిముందూ ఊపాడు. "నీకు జీతం చూడ్డానికమ్మా, ఆలోచించడానికి కాదు. తప్పు రాయి చాలు." ఆ సూది సంగతి వారం తరవాత మీటింగులో తనే కనిపెట్టినట్టు చెప్పి మెప్పు పొందాడు. అప్పటినుంచీ నేను తప్పు మాత్రమే రాస్తున్నాను. చాలా బాగా రాస్తాను.

మొదటి మూడు రోజులూ కుక్క కోసమే రాశాను. నాలుగో రోజు సాయంత్రం, స్టవ్వు మీద పాలు పొంగేదాకా నిలబడి, వెనక్కి తిప్పి చదివాను. మొదటి గడిలో అన్నిచోట్లా ఒకే మనిషి ఉన్నాడు. మూడో గడిలో అన్నిచోట్లా ఒకే మాట ఉంది. పాలు పొంగిపోయాయి. స్టవ్వు తుడుస్తూ అనుకున్నాను, ఇది ఆయన చేతే చదివించాలి అని. నా నోటితో చెబితే సణుగుడు అవుతుంది. డాక్టరు నోటితో చెబితే ఆడవాళ్ళంతా ఒకటైపోయారవుతుంది. ఆ గొంతుతోనే, ఆ ఊరంతా మెచ్చుకునే గొంతుతోనే బయటికి రావాలి. అప్పటిదాకా రాసినట్టే, ఆ రోజునుంచీ మాటకి మాట రాశాను. ఒక్క అక్షరం కలపలేదు, ఒక్క అక్షరం తగ్గించలేదు. పుస్తకం వంటింట్లో ఉప్పుడబ్బా పక్కనే ఉండేది. దాచాల్సిన పని లేదు, ఆయన వంటింట్లో దేన్నీ తెరిచి చూడరు.

పిల్లికి కూడా ఒక పేజీ కేటాయించాను. రెండు రోజుల్లోనే తేలిపోయింది. ఆయన వ్యాయామం సైకిలు కోసం ఇసకపెట్టెని బట్టలుతికే మిషను పక్కకి జరిపారు. మిషను తిరిగినప్పుడల్లా గది అదురుతుంది, పిల్లి బెదురుతుంది. సైకిలుని వసారాలోకి తోసి, పెట్టెని పాత మూలకి చేర్చాను. గోళ్ళు గీక్కోవడానికి తాడు చుట్టిన చెక్క ఒకటి సోఫా పక్కన నిలబెట్టాను. నాలుగో రోజుకి దొరసాని దారికొచ్చింది. ఆ సాయంత్రం అత్తయ్య గ్లాసుతో పాటు నా గ్లాసు కూడా కడిగి బోర్లించి ఉంది. ఈ ఇంట్లో నేను తాగిన గ్లాసుని ఇంకొకరు కడగడం అదే మొదటిసారి. దాన్ని చాలాసేపు చూశాను.

ఇరవై ఒకటో రోజు ఆయనా, అత్తయ్యా, నేనూ చెవులమ్మని తీసుకుని బయల్దేరాం. "ఈ కుక్కకి కాదు, నీకు ఇప్పించాలి ట్రైనింగు" అంటూ ఆయన ముందు నడిచారు. డాక్టరు గది తలుపు కిందిసగమే మూస్తారు, పైసగం తెరిచే ఉంటుంది. అవతల బల్ల మీద ఒకావిడ పిల్లిబుట్టతో, ఒక పెద్దాయన ముసలి కుక్కతో కూర్చున్నారు.

లోపల అత్తయ్య గోడవార కుర్చీలో కూర్చుంది. ఆయన కూర్చుంటూనే మొదలుపెట్టారు. "మేడమ్, సమస్య ఒకటే. ఇంట్లో పట్టించుకునేవాళ్ళు లేరు."

"పుస్తకం తెచ్చారా అమ్మా? చదవండి" అంది డాక్టరు.

నేను చదివాను. కావాలనే గొణుక్కుంటూ, మాట మింగుతూ, అంకెల దగ్గర తడబడుతూ చదివాను. పద్నాలుగేళ్ళ కాపురంలో నాకు ఖాయంగా తెలిసింది ఒకటుంది. ఎవరైనా సరిగ్గా చదవకపోతే ఆయన ఓర్చుకోలేరు. నాలుగో మాటకే చెయ్యి చాపారు.

"ఇటివ్వు. నువ్వు చదివితే కుక్కకి కూడా అర్థం కాదు."

ఇచ్చాను. ఆయన గొంతు సవరించుకున్నారు.

"మొదటి రోజు. ఉదయం ఏడు గంటల ఇరవై నిమిషములు. ముందు: ఆయన గుండీ ఊడిన చొక్కా నా మొహం మీదకి విసిరి, కార్ఖానాలో వేల చొక్కాలు చూస్తావు, ఇంట్లో ఒక్కటి కనపడదా గుడ్డిదానా, అన్నారు. కుక్క: బల్ల కింద పోసింది. తరవాత: నేను తుడిచాను."

స్పష్టంగా, గంభీరంగా, ఎక్కడ ఆగాలో అక్కడ ఆగుతూ చదివారు. ఆయన చదివేదాని అర్థం ఆయన చెవికి అందరికన్నా చివర్న చేరుతుంది. బయట బల్ల మీది ఆవిడ, "ఈ గొంతు ఎక్కడో విన్నానే" అంది.

"మూడో రోజు. సాయంత్రం ఆరు గంటల నలభై నిమిషములు. ముందు: తలుపులో ఆయన తాళం తిప్పిన చప్పుడు. ఇంకా ఏమీ అనలేదు. కుక్క: గుమ్మంలో పోసింది. తరవాత: ఆయన దాని ముక్కుని తడిలో రుద్దారు. నేను..." గొంతు కొంచెం తగ్గింది. "...తుడిచాను."

"బస్టాండు ఆయనండీ!" అన్నాడు బయట పెద్దాయన. తరవాత వాళ్ళిద్దరూ తలుపు వైపు తిరిగారు. వినడం మొదలుపెట్టారు.

ఆయన రెండు కాగితాలు కలిపి తిప్పబోయారు. డాక్టరు వేలు పెట్టి ఆపింది. "ఒకటి వదిలేశారండీ."

"ఇవన్నీ ఇంటి విషయాలు మేడమ్."

"కుక్క ఇంట్లోనే కదండీ ఉండేది. చదవండి."

"ఆరో రోజు. ఆయన డ్యూటీ మీద వేరే ఊరు వెళ్ళారు. కుక్క: పోయలేదు. తరవాత: ఏమీ తుడవలేదు. కాఫీ తాగాను. ఏడో రోజు. ఆయన లేరు. పోయలేదు. తొమ్మిదో రోజు. ముందు: నేను ఫోన్లో మా అన్నయ్యతో నవ్వుతూ మాట్లాడుతుంటే, ఇంట్లో ఇకిలింపులు ఎక్కువయ్యాయి, అని ఆయన చెంబు విసిరారు. కుక్క: పోసింది. తరవాత..."

ఇక చదవలేదు. ఆ మాట పలకడానికి ఆ గొంతులో చోటు లేకపోయింది. పుస్తకం బల్ల మీద పెట్టి, చొక్కా చేతులు సర్దుకున్నారు. నాకు జాలి వేస్తుందేమో అని నాలో నేను వెతుక్కున్నాను. దొరకలేదు. వెచ్చటి నీళ్ళల్లో కాళ్ళు పెట్టుకున్నంత హాయిగా ఉంది.

డాక్టరు చీటీ రాసి ఆయనకే ఇచ్చింది. "మందులేం లేవు. ఇంట్లోకి వచ్చాక గొంతు తగ్గించాలి. కుక్క మీదకి వంగి నిలబడకూడదు. అది పోస్తే తిట్టకూడదు, మాట్లాడకుండా తుడిచెయ్యాలి. ఈ కుక్క వైద్యం కార్డు మీద యజమాని పేరు మార్చాలా అమ్మా?"

"మార్చండి" అన్నాను. నా పేరు చెప్పాను.

బయటికి వస్తుంటే పిల్లిబుట్ట ఆవిడ లేచి మాకు దారి ఇచ్చింది. ఆవిడ చూపు నా మీద ఒక్క క్షణం ఆగి, మెత్తగా పక్కకి తప్పుకుంది. నడుస్తూ నేను ఆయనతో, రోడ్డు మీద ఎంత నెమ్మదిగా మాట్లాడాలో అంత నెమ్మదిగా చెప్పాను.

"ఏవండీ, ఈసారి మెడబెల్టు ఒక్కటే తిరిగొస్తే ఈ పుస్తకం మీ మైకు గదికి వస్తుంది. మీ పక్క సీటావిడకి ఇస్తాను. ఆవిడ గొంతు కూడా బాగుంటుంది."

ఆయన ఆగి నావైపు చూశారు. నేను నవ్వలేదు. నవ్వు రాలేదు. నాకే ఆశ్చర్యం వేసింది.

ఇంటికొచ్చి తలుపు వేశాకే ఆయన నోరు తెరిచారు. "పదిమందిలో నా పరువు తీస్తావా? ఎవరి తిండి తింటున్నావే నువ్వు?" గోడలు అదిరాయి. చెవులమ్మ తల వంచింది, చెవులు వెనక్కి పెట్టింది. గుమ్మం దగ్గర అది పోసిన మడుగు నెమ్మదిగా ఆయన బూట్ల వైపు పాకింది.

అలవాటుగా నా మోకాళ్ళు వంగబోయాయి. నేను వాటిని ఆపి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఒడి మీద చెయ్యి తట్టాను. చెవులమ్మ పాక్కుంటూ వచ్చి నా కాళ్ళ వెనక దూరింది.

"చూస్తావేం? తుడువు" అన్నారు ఆయన.

నేను పుస్తకం తెరిచాను. గడియారం చూసి టైము వేశాను.

"నిన్నే!"

అప్పటికే సోఫాలో చేరిన అత్తయ్య, పిల్లిని నిమురుతున్న చెయ్యి ఆపకుండానే, "గుడ్డ పెరటి తలుపు వెనకాల ఉందిరా. చన్నీళ్ళు పొయ్, వేడివి కాదు. ముందు అదుము, రుద్దకు" అంది.

నేను మొదటి గడిలో ఆయన అన్న మాటలు అన్నట్టే రాశాను. రెండో గడి నింపాను. మూడో గడి దగ్గర పెన్ను ఎత్తిపట్టుకుని, చూసిందే రాయాలి కాబట్టి, ఆయన వంగే వరకూ ఆగాను.