తునికి కొమ్మ

1961 జులైలో వానలకు సిద్దిపేట దగ్గర రోడ్డు తెగింది. హైదరాబాద్ బస్సులు ఆగిపోయాయి. కరీంనగర్‌లోని ఒక ప్రైవేటు కాలేజీలో వృక్షశాస్త్రం లెక్చరర్‌ను ఎంపిక చేయడానికి విశ్వవిద్యాలయం నుంచి రావలసిన ప్రొఫెసర్ రాలేదు.

పోస్టు ఒక్కటే. రెండేళ్లు ప్రొబేషన్, ఆ తర్వాత పర్మనెంటు. దరఖాస్తు చేసింది ముగ్గురు. వారిలో లక్ష్మీరాజం మూడేళ్లుగా అదే కాలేజీలో ప్రాక్టికల్స్ చేయించే డెమాన్‌స్ట్రేటర్. లెక్చరర్ లేడు కనుక పాఠాలు కూడా ఆయనే చెప్పేవాడు. ఏటా ఏప్రిల్ చివర ఆయన్ని తీసేసి జులైలో మళ్లీ తీసుకునేవారు. ఎండాకాలం జీతం ఉండదు. ఆ రోజుల్లో భార్య నర్మదను, పిల్లలను తీసుకుని ధర్మపురిలో అత్తవారింటికి పోయేవాడు. ఈసారి అక్కడి నుంచి బయల్దేరుతుంటే బావమరిది అడిగాడు.

"బావా, వచ్చేయేడు మామిడికాయలు కాయకముందే వస్తవా, కాసినంక వస్తవా?"

ఇంట్లో అందరూ నవ్వారు. నర్మద నవ్వలేదు. కరీంనగర్‌లో బస్సు దిగాక, "ఈసారి ఆ కొలువు రాకుంటే నేను ధర్మపురి రాను. ఇక్కడనే పస్తులుంట," అంది.

ఇంటర్వ్యూ రోజు పొద్దున కాలేజీ సంఘం అధ్యక్షుడు కిషన్‌రావు లక్ష్మీరాజాన్ని ప్రిన్సిపాల్ గదికి పిలిపించాడు. కాలేజీ కట్టిన స్థలం కిషన్‌రావుదే.

"రాజం, ప్రొఫెసర్ రాలే. ఇంటర్వ్యూ ఆపితే నెలాఖరుకు డిగ్రీ పర్మిషన్ పోతది. ఎక్స్‌పర్టుగ నువ్వు గా కుర్సీల కూసోవాలె."

"నేను క్యాండిడేటును గద సార్."

"కాగితం వాపస్ తీస్కో. బయటినుంచి మనిషి రాకుంటే మనోణ్ని కూసోబెట్టుకోవచ్చని మన రూల్సుల ఉంది. వచ్చేయేడు రెండో పోస్టు శాంక్షన్ అయితది. అది నీది. ప్రిన్సిపాల్ సాబ్ ముంగటనే చెప్తున్న."

ప్రిన్సిపాల్ హైదరాబాద్‌లో రిటైరై వచ్చిన లెక్కల మాస్టారు. ఆయన తల ఊపాడు.

"మరి ఈ పోస్టుకు?" అని అడిగాడు లక్ష్మీరాజం.

"మా అక్క కొడుకు ప్రేమ్‌సాగర్ వస్తుండు. నాగపూర్ల చదివిండు. నీకు ఎరికే గద."

ఎరికే. ప్రేమ్‌సాగర్‌రావు ఎంపిక కాకపోతే రెండో పోస్టు అతని కోసం ఆగుతుందని ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన పని లేదు. లక్ష్మీరాజం అక్కడే నిలబడి దరఖాస్తు వాపసు తీసుకుంటున్నట్టు రాసి సంతకం పెట్టాడు.

అభ్యర్థి ముందు ఒక కొమ్మ పెట్టి పేరు, కుటుంబం అడగడం ఆ సబ్జెక్టులో పద్ధతి. లక్ష్మీరాజం కాలేజీ వెనక గుట్ట మీదికి పోయి తునికి కొమ్మ విరుచుకొచ్చాడు. ప్రేమ్‌సాగర్‌రావు తప్పు చెప్పకూడదని అందరికీ తెలిసిన చెట్టునే ఎంచాడు.

ప్రేమ్‌సాగర్‌రావు మొదట వచ్చాడు. కొమ్మను చూశాడు.

"తునికి. బీడీలు చుట్టే ఆకు."

"కుటుంబం?"

"సపోటేసీ. ఇప్పచెట్టు కుటుంబమే."

తప్పు. లక్ష్మీరాజం ఇంకో ప్రశ్న వేశాడు, తర్వాత ఇంకొకటి. పంపించాక కిషన్‌రావు అడిగాడు.

"మంచిగ చెప్పిండా?"

"చెప్పిండు సార్."

రెండో అభ్యర్థి భూమన్నది ఆసిఫాబాద్. పెద్దపల్లిలో రైలు దిగి బస్సులో వచ్చాడు. చొక్కా తడిసి ఉంది. ఎమ్మెస్సీ ఫస్టు క్లాసు. గోదావరిలో నాచు మీద ఏడాది పరిశోధన చేశాడు. స్కాలర్‌షిప్ ఆగిపోవడంతో అదీ ఆగింది.

"మీ బాపు ఏం జేస్తడు?" అన్నాడు కిషన్‌రావు.

"తునికాకు కల్లంల కూలి సార్. మా అవ్వ గూడ అక్కడనే."

"అరె, కొమ్మను జూసి ఇంటికి పోయినట్టే ఉంటది నీకు! చెప్పు మరి."

ప్రిన్సిపాల్ నవ్వాడు. భూమన్న కూడా నవ్వాడు.

"తునికి సార్. కుటుంబం ఎబెనేసీ."

కిషన్‌రావు లక్ష్మీరాజం వైపు తిరిగాడు. "ప్రేమ్‌సాగర్ వేరే పేరు చెప్పిండు గద. ఇద్దర్ల ఎవలది కరెక్టు?"

ఆ ప్రశ్న వస్తుందని లక్ష్మీరాజం అనుకోలేదు. టేబుల్ మీది కొమ్మను చూశాడు.

"సపోటేసీ సార్," అన్నాడు.

భూమన్న ఆయన మొహంలోకి చూశాడు. పరీక్షిస్తున్నారనుకున్నాడు. "కాదు సార్. ఇప్పది సపోటేసీ. ఇప్పకొమ్మ ఇరిస్తే పాలొస్తయి. దీనికి రావు. సూడుండ్రి."

కొమ్మను మధ్యకు విరిచి, విరిగిన చోటు ముగ్గురికీ కనిపించేట్టు పట్టుకున్నాడు. పాలు రాలేదు.

"పొద్దున కోసింది. పాలు ఎండిపోయినయ్," అన్నాడు లక్ష్మీరాజం.

"ఆకు ఇంక వాడలే సార్. పాలెట్ల ఎండుతయి?" భూమన్న ఆకు తొడిమ తుంచాడు. ఇంకో ఆకు తుంచాడు. "పుస్తకం తెప్పియ్యుండ్రి సార్. జర చూస్తే అయిపాయె."

"ఎక్స్‌పర్టును పక్కన పెట్టుకొని పుస్తకమెందుకు?" అన్నాడు కిషన్‌రావు. "మీ బాపు ఇన్నేండ్లు తెంపిన ఆకు ఏ జాతిదో నీకు తెల్వదు. సర్కారు పైసలతోని హైదరాబాద్‌ల ఏం జదివినవ్? నాచు?"

ప్రిన్సిపాల్ మళ్లీ నవ్వాడు. భూమన్న ఈసారి నవ్వలేదు. లక్ష్మీరాజంతోనే మాట్లాడాడు.

"సార్, మీకు తెలుసు గద. చెప్పుండ్రి సార్."

లక్ష్మీరాజం మొహం తిప్పుకున్నాడు. కిషన్‌రావుతో అన్నాడు. "తప్పు చెప్పుడు పెద్ద సంగతి కాదు సార్. తప్పని చెప్పినా ఒప్పుకుంటలేడు. ఇట్లాంటోడు పిల్లలకు ఏం నేర్పుతడు?"

భూమన్న తుంచిన ఆకులన్నీ ఏరి టేబుల్ మీద ఒకచోట పెట్టాడు. నమస్కారం చేసి పోయాడు. సాయంత్రం ప్రేమ్‌సాగర్‌రావుకు ఆర్డరు ఇచ్చారు. కింద మూడు సంతకాలున్నాయి. మూడోది లక్ష్మీరాజానిది.

నర్మదకు ఆయన రెండో పోస్టు సంగతి మాత్రమే చెప్పాడు. "వచ్చేయేడు పక్కా," అన్నాడు. "దొర మాటిచ్చిండు."

"మాటేనా?" అంది నర్మద.

ప్రేమ్‌సాగర్‌రావు పుస్తకం తెరిచే మనిషి కాదు. ఇంటర్వ్యూలో ఎక్స్‌పర్టు సరేనన్నాడు కనుక క్లాసులోనూ అదే చెప్పాడు. సపోటేసీకి మన అడవిలో ఉదాహరణ తునికి అని బోర్డు మీద రాశాడు. ప్రాక్టికల్ క్లాసులో ఒక విద్యార్థి కొమ్మ విరిచి లక్ష్మీరాజం దగ్గరికి తెచ్చాడు.

"పాలొస్తయని నోట్సుల ఉన్నది సార్. వస్తలేవు."

"లెక్చరర్ సార్ చెప్పింది రాసుకో."

"వస్తలేవు గద సార్."

"రాసుకొమ్మంటె రాసుకోవేందిర?" అని లక్ష్మీరాజం అరిచాడు. ఆ క్లాసులో మళ్లీ ఎవరూ అడగలేదు.

ప్రాక్టికల్ పరీక్షలకు హైదరాబాద్ నుంచి ఎగ్జామినర్ వచ్చాడు. ఆయన పెట్టిన వాటిలో తునికి కొమ్మ ఉంది. క్లాసు మొత్తం ఒకే తప్పు రాసింది. ఈ కాలేజీలో పాఠం చెప్పేదెవరో కనుక్కోవాలని ఆయన విశ్వవిద్యాలయానికి రాశాడు. విశ్వవిద్యాలయం కిషన్‌రావును సంజాయిషీ అడిగింది.

ఏప్రిల్‌లో లక్ష్మీరాజాన్ని మళ్లీ అదే గదికి పిలిచారు. కిషన్‌రావు, ప్రిన్సిపాల్, ప్రేమ్‌సాగర్‌రావు కూర్చుని ఉన్నారు. ఆయనకు కుర్చీ చూపలేదు.

"మామా, నా తప్పేంది?" అన్నాడు ప్రేమ్‌సాగర్‌రావు. "నేను చెప్పినప్పుడు తప్పన్నడా? నీ ముంగటనే రైటన్నడు."

కిషన్‌రావు లక్ష్మీరాజాన్ని చూశాడు. "తెల్వక చెప్పినవా, తెలిసి చెప్పినవా?"

తెలిసి చెప్పానంటే ఆ ఎంపిక చెల్లదు. కిషన్‌రావు మేనల్లుడి ఉద్యోగం పోతుంది. ఆ తర్వాత ఈ ఊళ్లో లక్ష్మీరాజానికి ఏ పనీ దొరకదు. తెలియక చెప్పానంటే ఏమవుతుందో ఆయన పూర్తిగా ఆలోచించలేదు.

"తెల్వక చెప్పిన సార్."

"రాసుకోండి," అని కిషన్‌రావు ప్రిన్సిపాల్‌తో అన్నాడు. ప్రిన్సిపాల్ రాసుకున్నాడు.

"సార్, ఆ రెండో పోస్టు..."

"తునికి చెట్టు తెల్వనోనికి పర్మనెంటు ఎట్ల ఇస్త? నువ్వే చెప్పు."

"సార్, మీకు ఎరికే గద. ఆ రోజు మీరు..."

"నాకెందుకు ఎరికుండదు?" అన్నాడు కిషన్‌రావు. "మా ఊరి చుట్టు తునికి చెట్లే. చిన్నప్పటి సంది ఇరుస్తున్న. పాలెక్కడియి? గా ఆసిఫాబాద్ పోరడు కొమ్మ ఇరిచిననాడే సూసిన." అగ్గిపుల్ల గీసి సిగరెట్ ముట్టించాడు. "నేను ఎక్స్‌పర్టునా? నువ్వు గద ఎక్స్‌పర్టువు."

ప్రేమ్‌సాగర్‌రావు నవ్వి, మామ ఉన్నాడని ఆపుకున్నాడు.

"నౌకరి తీసేస్తనంటలేను," అన్నాడు కిషన్‌రావు. "ఎప్పటి లెక్కనే జులైల రా. డెమాన్‌స్ట్రేటర్‌గనే ఉండు. ప్రేమ్‌సాగర్ చెప్పినట్టు చెయ్యి. ఉంటవా?"

ప్రిన్సిపాల్ కలం పట్టుకుని చూస్తున్నాడు.

"ఉంట," అన్నాడు లక్ష్మీరాజం.

ప్రేమ్‌సాగర్‌రావు ఆయన వెంట వరండాలోకి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"మామ మాటలకు ఫికర్ చెయ్యకు రాజం. నేనున్న గద. గిప్పుడు నిజం చెప్పు, తునికిది ఏ కుటుంబం? వచ్చే బ్యాచికి కరెక్టు చెప్పాలె."

"ఎబెనేసీ."

"నాకు యాదికుండదు. ఓ కాగితం మీద రాసియ్యి. ఇంకా గిసుంటియి ఏమేం తప్పు చెప్పిన్నో, అవి గూడ రాసియ్యి."

లక్ష్మీరాజం కిటికీ అంచు మీద కాగితం పెట్టి రాయడం మొదలుపెట్టాడు. చాలా ఉన్నాయి.