కదలని మనిషి

నేను ఒక బూరుగుదూది దిండును. తల పెట్టుకోవడానికి కాదు, కూర్చోవడానికి కుట్టారు. కొండ పక్కనున్న ధ్యానకేంద్రం వాళ్లు ఇలాంటివి నలభై కావాలన్నప్పుడు, ఒంగోలు దూదేకుల సైదులు భార్యతో, "ఊరకే కూచోటానికి గూడా నేర్పేవోళ్లు ఉండారంట. మన అరుగుల మీద ఎంతమంది పంతుళ్లున్నారో" అన్నాడు. ఆమె నవ్వలేదు. దూది తక్కువ పెట్టవద్దని మాత్రం చెప్పింది.

అక్కడ బోధించేది చిన్న మాటే. నచ్చినదాన్ని పట్టుకుని వేలాడటం, నచ్చనిదాన్ని తోసెయ్యడం, ఈ రెండూ మానితే మనసు కుదుటపడుతుంది. ఆ కుదురే సుఖం. అందుకు పదిరోజులు మౌనంగా కూర్చుని, వచ్చిపోయే ఊపిరిని గమనించాలి. మాట మీద నాకు అనుమానం లేదు, మనుషుల మీదే. ఇప్పుడు కుట్లు ఊడి సామాన్ల గదిలో పడి ఉన్నాను కనుక నిజం చెప్పవచ్చు. నా మీద బుద్ధుడిలా చిరునవ్వు పెట్టి కూర్చున్న బట్టల కొట్టు ఆసామి భోజనాల గంటకు ముందే వంటింటి వైపు ఒరిగేవాడు. ఎంతో ప్రశాంతత దొరికిందని రాసిచ్చి వెళ్లిన ఇంజినీరు నా అంచు దారాలన్నీ గోళ్లతో పీకాడు.

తర్వాత వకుళ వచ్చింది. తెనాలి వైపు లెక్కల టీచరు. భర్త పోయి ఎనిమిది నెలలు. చెల్లెలి పోరు పడలేక వచ్చింది. సుఖం నేర్పేవాళ్లు ముందుగా తన మనిషిని మరిచిపొమ్మంటారని ఆమె అనుమానం. వాళ్లు ఆ మాట అన్న పూటే బస్సెక్కాలని సంచి విప్పకుండా ఉంచుకుంది.

అయితే ఆమె కూర్చుంటే గంటసేపు వేలైనా కదిలేది కాదు. పక్కవాళ్లు ఓరగా చూసి అసూయపడ్డారు. నాకు మాత్రం గుబులు పట్టుకుంది. కుదుటపడిన మనిషి బరువు మెల్లగా పరుచుకుంటుంది. ఈమె బిగబట్టుకుని ఉండేది. నా దూది ఒకేచోట గడ్డకట్టింది.

ఐదో రోజు, సందేహాలు అడిగే వేళ, ధ్యానం నేర్పే విమలమ్మ ఆమెను ఉండమంది. విమలమ్మ ఒకప్పుడు ఆసుపత్రి నర్సు.

"ఇంత కదలకుండా కూర్చుంటే నాకు అనుమానంగా ఉందమ్మా. ఏం చూస్తున్నావు?"

"మీరు చెప్పిందే. ఊపిరి."

"ఎవరిది?"

"ఆయనది," అంది వకుళ. తర్వాత చెప్పింది. ఆసుపత్రిలో భర్త మంచం పక్కన పగలంతా అతని ఊపిరినే చూస్తూ కూర్చుందట. నీళ్ల సీసా కోసం ఒక్కసారి లేచిందట. తిరిగి వచ్చేసరికి ఆగిపోయింది.

"నేను కదిలానండీ. అందుకే."

"నువ్వు కూర్చున్నా ఆగేదమ్మా. నేను చాలామంది దగ్గర కూర్చున్నాను."

"ఆయన్ని మరిచిపొమ్మంటారా?"

"ఎందుకు మరవాలి? తలుచుకో. కానీ ఆయన ఊపిరి నువ్వు పీల్చలేవు." విమలమ్మ ఆమె మడిచిన కాళ్ల వైపు చూసింది. "కాలెలా ఉంది?"

"నొప్పి."

"ఎప్పట్నుంచి?"

"మొదటి రోజు నుంచి."

"కదుపు మరి. లెక్కల టీచరువి, ఐదు రోజులు పట్టిందా?"

వకుళ కదపడానికి భయపడింది. ముందు వేళ్లు కదిపింది, తర్వాత మడమ. రెండు చేతులతో మోకాలు ఎత్తి కాలు చాపింది. చాపి, ఏదో ఆగిపోతుందన్నట్టు చెవి ఒగ్గింది.

ఊపిరి వచ్చింది. పోయింది. మళ్లీ వచ్చింది.

ఏడుస్తూనే రెండో కాలు కూడా చాపింది.