ఐదో పేజీలో దవనం

యేసన్న చేతులకు మూడోసారి సబ్బు రుద్దుతుండగా ఎదురు వసారాలోంచి ఉమాదేవి కేక వేసింది.

“మామా! పేపర్లో పడినావు! ఐదో పేజీ! ఫోటో కూడా వేసినారు!”

సబ్బు పట్టుకున్న చెయ్యి ఆగింది. మోచేతుల దాకా నురగ, నాని ముడతలు పడిన వేళ్ళు. రాయదుర్గంలో కొళాయి నాలుగు రోజులకోసారి వచ్చే ఆ ఎండాకాలంలో చేతులకే మూడు చెంబులు పోసే మనిషి ఆ కాంపౌండులో అతనొక్కడే.

“పెళ్ళికొడుకు మాదిరి ఎంతసేపు రుద్దుతావప్పా, తోలు ఊడొస్తాది,” అంది ఇంటి యజమానురాలు ఆంజినమ్మ. రోజూ అనే మాటే. ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు.

ఆరేళ్ళ కిందట గది కోసం వచ్చినప్పుడు ఆమె ఏం పనని అడిగితే “ఆసుపత్రిలో” అన్నాడు. అబద్ధం కాదు. ఆసుపత్రి వెనక రేకుల గదిలో శవాలను కడగడం, ఎవరూ రానివాటిని వంక ఒడ్డున పూడ్చడం అతని పని. అంతకుముందు నిజం చెప్పి మూడు గదులు పోగొట్టుకున్నాడు. ఇదైనా మిగలాలని ఆ సగం మాట.

ఉమాదేవి ఆంజినమ్మ కోడలు. తనకల్లు ఊరి పిల్ల, డిగ్రీ చదివింది. పెళ్ళయి రెండు నెలలు. పూరీ పొంగినా, ముంగిట్లో పిచ్చుక వాలినా ఆమెకు పండగే. ఇప్పుడు జీన్స్ కుట్టడానికి బయలుదేరుతున్న పక్క గదుల ఆడవాళ్ళను కూడా నిలబెట్టేసింది. నాలుగు రోజుల కిందట ఆసుపత్రికి విలేకరి ఒకడొచ్చి ఏవో అడిగిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది యేసన్నకు. చదవద్దనాలనుకున్నాడు. కానీ అచ్చయిన తన పేరు ఎలా వినిపిస్తుందో వినాలని కూడా ఉంది.

“ముందు పక్కన ఇది చూడత్తా. పోయిన వారం లారీ గుద్ది పడిపోయినాయన్ని ఒక్కరూ లేపలేదంట. పానం పోయేదాకా ఫోన్లలో తీసుకుంటా నిలబడినారంట.”

“మనుషులేనా వాళ్ళు?” ఆంజినమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఆ మనిషిని మొన్న పూడ్చింది యేసన్నే.

“ఇంగ మన మామది! పైన పెద్ద అక్షరాలతో ‘పరిమళించిన మానవత్వం’ అని ఉండాది.” గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. “దిక్కులేని మృతదేహాలకు అన్నీ తానై...” గొంతు నెమ్మదించింది. మొదలుపెట్టింది కాబట్టి ఆపలేకపోయింది. “పూడ్చే ముందు ప్రతి మృతదేహం గుండెల మీద ఒక దవనం రెమ్మ ఉంచడం ఆయన అలవాటు.”

ఆమె చెయ్యి తనంతట తానే జడలోకి వెళ్ళింది.

యేసన్న భార్య సువార్త కనకాంబరాల మధ్య దవనం లేకుండా గడప దాటేది కాదు. ఆమెను పూడ్చిన రోజు అతను పరుగెత్తి తేగలిగింది ఒక్క రెమ్మే. అప్పటినుంచి ఎవరినీ ఉత్త గుండెలతో పంపలేదు. ఈ రెండు నెలలుగా కట్ట కొన్నప్పుడల్లా, ముందుగా రెండు రెమ్మలు తుంచి “ఇదో పాపా” అని ఉమాదేవికి ఇచ్చేవాడు. ఆమె మురిసిపోయి అక్కడికక్కడే తురుముకునేది.

ఇప్పుడు రెమ్మను జడలోంచి తీసింది. పారెయ్యలేదు. మళ్ళీ పెట్టుకోనూ లేదు. కొళాయి గట్టు మీద పెట్టింది.

“పీనుగుల మీదికి తెచ్చింది నా కోడలి తల్లోకా!” అంది ఆంజినమ్మ.

“పాపకే ముందు తీస్తానక్కా. ఆ తర్వాతే...” అన్నాడు యేసన్న, నురగ చేతులు కడుక్కోకుండానే.

“కొత్త పెళ్ళికూతురప్పా అది! నువ్వు మంచోడివే, ఎవురు కాదన్నారు? పేపర్లోనే వేసినారు గదా. పొద్దుగూకేలోగా గది ఖాళీ చెయ్.”

“అత్తా...” అంది ఉమాదేవి. పేపరు మడిచేసింది. పక్క గదుల ఆడవాళ్ళు బస్సుకు టైమైందని వెళ్ళిపోయారు.

ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్ ఓబులేష్ గట్టిగా నవ్వాడు. “ఏమన్నా, హీరో అయిపోతివే!” టీ గ్లాసు మాత్రం రోజూలాగే గోడ మీద పెట్టి వెనక్కి జరిగాడు.

రైల్వే స్టేషన్ నుంచి మూడు రోజుల కిందట తెచ్చిన ఒక ముసలామె శవాన్ని మధ్యాహ్నం పూడ్చమన్నారు. పేరు లేదు. పాదాలు వానల్లేక బెట్టకొచ్చిన చేనులా పగిలి ఉన్నాయి. యేసన్న ఆమె ముఖం కడిగి, నెరిసిన జుట్టు చేత్తోనే దువ్వాడు. పూలంగడికి వెళ్ళాడు. దవనం కట్ట మీదికి చెయ్యి చాచాడు. పక్కన ఎవరో చిన్నపిల్ల మల్లెలు కొనుక్కుంటోంది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

జానెడు లోతులోనే సుద్దరాయి తగిలే నేల. గడ్డపారతో పొద్దు వాలేదాకా తవ్వాడు. ఆ ముసలామె ఒక్కతే ఉత్త గుండెలతో వెళ్ళిపోయింది.

సాయంత్రం ట్రంకుపెట్టె, స్టవ్వు, సువార్త ఫోటో సైకిలుకు కట్టుకున్నాడు. ఇక పడక రేకుల గది వరండాలోనే. ఉమాదేవి గది తలుపు వేసే ఉంది. తాళంచెవి కిటికీలో పెట్టి, “వస్తానక్కా,” అన్నాడు. ఆంజినమ్మ చాటలో బియ్యం మీదినుంచి తలెత్తలేదు.

సైకిలు మలుపు తిరిగాక లోపలికి వినపడేలా అంది: “ఉమా, రేపు పొద్దున్నే లేయల్ల. గదంతా పేడనీళ్ళు చల్లి సున్నం కొట్టించల్ల.”

కొళాయి గట్టు మీద దవనం రెమ్మ పగలంతా ఎండకు ముడుచుకుపోయింది. దాని వాసన మాత్రం ఇంకా పోలేదు.