మనుషుల్లేని రేవు

ఊరికి పుట్టినరోజు చేస్తారట, దానికోసం రేవుపాలెం వాళ్ళని దిబ్బ మీంచి లేపేస్తారట. ఈ మాట పక్కింటి అమ్మాజీ గారు గోడ మీంచి మా ఆవిడతో అన్నారట. ఆవిడకి రైసుమిల్లు చంద్రరావు గారి మరదలు చెప్పిందట. "మూడొందలేళ్ళ ఊరండీ, రాజమండ్రి నుంచి కేకు తెప్పించి కోస్తారటండీ" అని కూడా అన్నారట. మా ఆవిడ అన్నం వడ్డిస్తూ ఇదంతా నాకు అప్పజెప్పింది. కేకు సంగతి ఉత్తదేనని తరవాత తేలింది. దిబ్బ సంగతి మాత్రం నిజం.

మా ఒలందుపేట గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట ఉంది. డచ్చివాళ్ళని మా పెద్దవాళ్ళు ఒలందు దొరలనేవారు. వాళ్ళు ఒకప్పుడు ఇక్కడ గిడ్డంగి పెట్టి, బట్టలు ఓడలకెత్తారు. దొరలు పోయారు, పేరు మిగిలింది. ఊరి చివర చేపలు పట్టి బతికేవాళ్ళ రేవుపాలెం. పాలేనికీ ఏటికీ మధ్య ఇసక దిబ్బ. పోటొచ్చినా తడవని నేల ఆ చుట్టుపక్కల అదొక్కటే. పాలెం ఆడవాళ్ళు నెత్తళ్ళూ సావళ్ళూ ఎండబెట్టేది దాని మీదే. వేట లేని రోజుల్లో ఇంటింటా పొయ్యి వెలిగేది ఆ ఎండుచేపలు అమ్మిన డబ్బుతోనే. తొంభై ఆరు తుపానుకి ఇళ్ళు పోతే మళ్ళీ కట్టుకున్నారు, వలలు పోతే మళ్ళీ అల్లుకున్నారు. దిబ్బ పోతే ఇంకో దిబ్బని ఎవరు అల్లుతారు?

ఇది తొంభై తొమ్మిదో సంవత్సరం మాట. ఆ కబురు వెనకాలే పుట్టినరోజుకి కమిటీ వేశారు. అధ్యక్షుడు చంద్రరావు గారు. చరిత్ర చెప్పడానికి రిటైరైన హెడ్మాస్టరు సూర్యనారాయణమూర్తి గారు. ఎరువుల కొట్టు నడుపుకునే నేను, చందా ఇచ్చిన పాపానికి మెంబర్ని. మిల్లు వరండాలో కూర్చుని టీలు తాగీ తాగీ మేం తేల్చలేకపోయింది ఒకటే. ఊరు పుట్టిందెప్పుడు?

మాష్టారు పదహారువందల ఎనభై ఏడంటారు. ఆ ఏడు మొదటి ఓడ ఇక్కడ లంగరేసిందట. చంద్రరావు గారు పదిహేడువందల ఆరంటారు. ఆ ఏడు గిడ్డంగి లేచిందట.

"లంగరేస్తే ఊరైపోతుందాండీ? యానాం పోయే లాంచీ దారిపొడుగునా ఆగుతుంది. ఆగిన చోటల్లా ఊరు పుట్టిందనుకోమంటారా?" అని చంద్రరావు గారు.

"గోడౌను కడితే ఊరు పుడుతుందంటే మీ మిల్లు వెనకాల ఈపాటికి ఇంకో ఊరు పుట్టుండాలి కదండీ. పందికొక్కులు తప్ప ఏం పుట్టాయి?" అని మాష్టారు.

చరిత్ర మీద ప్రేమ ఇద్దరికీ ఎంతుందో నాకు తెలీదు గానీ, గిడ్డంగి దొరకి దుబాసీగా కుదిరినవాడు చంద్రరావు గారి వంశం వాడు. ఓడ నాటికి ఆ వంశం జాడ లేదు. అందుకని ఊరు గిడ్డంగితోనే పుట్టాలి. మాష్టారేమో ఎనభై ఏడని ఎప్పుడో పేపర్లో వ్యాసం రాసేశారు. అచ్చులో పడ్డ తేదీని ఆయన ప్రాణం పోయినా మార్చుకోరు. ఒకాయనకి వంశం, ఇంకొకాయనకి వ్యాసం. మధ్యలో ఊరు ఎప్పుడు పుడితే ఎవడికి కావాలి?

పిట్ట పోరూ పిట్ట పోరూ పిల్లి తీర్చిందని, ఒకరోజు కాకినాడ నుంచి ఒక ఆఫీసరు జీపులో వచ్చాడు. ఏటి ఒడ్డున పార్కూ, దానికో ఆర్చీ శాంక్షనయ్యాయన్నాడు. "ఆర్చికి రెండు స్తంభాలుంటాయి కదా, దానికొక తేదీ, దీనికొక తేదీ చెక్కిద్దాం. నాకు కావలసింది ఖాళీ జాగా" అన్నాడు. దిబ్బని చూపించారు. చూపించిన చెయ్యి ఎవరిదని అడక్కండి, రెండు చేతులూ ఒకేసారి లేచాయి.

అంతటితో కొట్లాట ఆగింది. అచ్చేసిన సావనీరులో మాష్టారి తేదీ ఒక పేజీలో, చంద్రరావు గారి తేదీ ఎదుటి పేజీలో. రెండు పేజీలూ ఒప్పుకున్న వాక్యం మాత్రం ఒకటుంది: "దొరలు అడుగుపెట్టేనాటికి ఈ రేవు మడచెట్లు తప్ప మనుషుల్లేని చోటు."

అది చదివి నా ఒళ్ళు మండింది. పంతొమ్మిదేళ్ళ తేడా కోసం జుట్లు పట్టుకున్న పెద్దమనుషులు, ఒక పాలేన్ని మొత్తంగా తుడిచెయ్యడానికి మాత్రం ఒక్క మాట మీద నిలబడ్డారు!

"మరి రేవుపాలెం వాళ్ళ సంగతేంటి మాష్టారూ?" అన్నాను.

"వాళ్ళు తరవాత చేరినవాళ్ళే అయ్యుంటారు. ముందున్నట్టు ఆధారం లేదు కదయ్యా."

"దొరల సరుకు దించడానికి వచ్చుంటార్లెండి" అన్నారు చంద్రరావు గారు, బిస్కట్టు టీలో ముంచుకుంటూ.

ఆధారమంటే ఏంటి? దొర చూస్తే ఆధారం, చూడకపోతే మనిషి లేనట్టు. సముద్రం మీంచి వచ్చిన ఓడకి ఇసక మేటలు తప్పించి దారి చూపించిందెవరు, మడచెట్లా? అడిగితే మాష్టారు నవ్వి, "నువ్వు కామర్సు చదివావు కదూ" అన్నారు.

నెల తిరక్కుండా పాలేనికి నోటీసులొచ్చాయి. దిబ్బ సర్కారు భూమి, మీరు ఆక్రమించుకున్నవాళ్ళు, ఖాళీ చెయ్యండి అని. బుల్లియ్య ఆ కాగితం పట్టుకుని మిల్లుకొచ్చాడు. వేటకి పోయే నలభయ్యేళ్ళ మనిషి, పాలెంలో అందరికన్నా పెద్దావిడ సుబ్బాయమ్మ కొడుకు. కూర్చోమన్నవాళ్ళు లేక వరండా మెట్టు మీదే నిలబడ్డాడు.

"అసలు మీరెప్పుడొచ్చారయ్యా ఇక్కడికి?" అన్నారు మాష్టారు.

"రావడమేంటండి? ఎక్కడికన్నా వెళ్తే గదండి రావడానికి?"

"ఏట్లోంచి పుట్టుకొచ్చారేంటోయ్?" చంద్రరావు గారు నవ్వారు.

"మా అమ్మ ఆ దిబ్బ మీదే కన్నాదండి నన్ను. సావళ్ళు తిరగేస్తా తిరగేస్తా కనేసింది."

"నువ్వు పుట్టింది సరే. మేం మాట్లాడేది మూడొందలేళ్ళ కిందటి మాట. మీ దగ్గర కాగితం ముక్కేమన్నా ఉందా?"

"చేపలు పట్టడానికి కాగితమెందుకండి? వల చాలదా?"

"అదిగో, అలా అడ్డంగా మాట్లాడితేనే మీకేదీ రాదు" అన్నారు చంద్రరావు గారు. "ఏటి దిగువన ప్లాట్‌ఫారం కట్టిస్తామంటున్నారు కదా, అక్కడ ఎండబెట్టుకోండి."

"అక్కడ పోటుకి మొలలోతు నీళ్ళండి. నీళ్ళలో చేపని ఎండబెట్టే విద్య మాకు రాదండి, మీకొస్తే నేర్పండి."

ఆర్చిని బస్టాండు దగ్గర పెట్టుకుంటే ఏం పోయిందని నేనన్నాను. "ఆర్చి మీద ఓడబొమ్మ ఉంటుందయ్యా, బస్టాండులో పెడితే జనం నవ్వరా?" అని ఇద్దరూ నన్ను కసిరారు. బుల్లియ్య నోటీసు మడిచి పంచెలో దోపుకుని వెళ్ళిపోయాడు.

శంకుస్థాపన రోజు దిబ్బ మీద షామియానా వేశారు. ఎండేసిన నెత్తళ్ళని గోతాల్తో సహా ఒక మూలకి లాగేశారు. కాకుల్ని తోలుకుంటూ సుబ్బాయమ్మ ఆ మూలనే కూర్చుంది. ఆఫీసరొచ్చాడు. మైకులో మాష్టారు ఓడ గురించి చెప్పారు, చంద్రరావు గారు గిడ్డంగి గురించి చెప్పారు. పురోహితుడు అమ్మాజీ గారి భర్తే. ఆయన కొబ్బరికాయ చేతిలోకి తీసుకుని, ఆగిపోయారు.

"రేవు అడిగారా?" అన్నారు.

మా ఊళ్ళో గోడ లేవాలంటే ముందు రేవు అడగాలి. గుడిసైనా మేడైనా సరే, పాలెంలో అందరికన్నా పెద్దావిడ దగ్గరికి పళ్ళెంలో చీరా పసుపూ కుంకుమా పట్టుకెళ్ళి, "తల్లీ, రేవు నీది. కట్టుకోమంటావా?" అనాలి. ఆవిడ దోసిలితో ఏటినీళ్ళు నేల మీద పోసి "కట్టుకోండి" అంటుంది. ఎందుకని ఎవరూ అడగరు. నా రెండు గదుల ఇంటికీ అడిగాను.

"సర్కారు పనికి కూడా ఎందుకండీ పంతులుగారూ?" అన్నారు చంద్రరావు గారు, గొంతు తగ్గించి.

"బ్యాంకు కట్టినప్పుడు అడిగారు. చర్చి కట్టినప్పుడు ఫాదరుగారే వచ్చి అడిగారు. మీ మిల్లుకి మీ నాన్నగారు అడుగుతుంటే నేను పక్కనున్నాను. అడక్కుండా గునపం వెయ్యమంటే నావల్ల కాదు బాబూ. రేపు ఆర్చి ఒరిగితే నన్నంటారు."

ఆఫీసరు ఇదేదో మంచి ఫొటో అవుతుందనుకున్నాడు, కానివ్వండన్నాడు. చీరకి వెతుక్కోనక్కర్లేకపోయింది. తాపీమేస్త్రీ సంచిలోంచి తీసిచ్చాడు. ఈ ఊళ్ళో ఏ మేస్త్రీ అయినా తాపీ మర్చిపోయి పనికి వస్తాడేమో గానీ ఆ చీర మర్చిపోడు. పళ్ళెం మీరు పట్టండి మీరు పట్టండని, ఆఖరికి మాష్టారూ చంద్రరావు గారూ చెరోవైపూ పట్టుకున్నారు. సుబ్బాయమ్మ పొలుసు చేతులు కొంగుకి తుడుచుకుని లేచొచ్చింది. ఎవరో ఆవిడ ముందు ఏటినీళ్ళ బిందె పెట్టారు. మైకు వాడు మైకు ముందుకి జరిపాడు.

"కట్టుకోమంటావా అమ్మా?" అన్నారు మాష్టారు.

"మాట పూర్తిగా అనండి మాష్టారూ" అన్నారు పంతులుగారు.

మాష్టారు దగ్గారు. కళ్ళజోడు సర్దుకున్నారు. ఊరంతా వింటుండగా మైకులో అన్నారు: "తల్లీ, రేవు నీది. కట్టుకోమంటావా?"

సుబ్బాయమ్మ బిందెలో చెయ్యి పెట్టలేదు.

"మాష్టారూ, దొరలు వచ్చేనాటికి ఇక్కడ మనుషుల్లేరని పుస్తకంలో రాశారంట గదండి?"

"అది వేరమ్మా. అది చరిత్ర, ఇది ఆచారం. రెండూ కలపకూడదు."

"ఎండెక్కుతోంది సుబ్బాయమ్మా, ఆ ఒక్క మాటా అనేస్తే అయిపోతుంది. చీర చూడు, మంచి జరీ" అన్నారు చంద్రరావు గారు.

ఆవిడ చీర వంక చూడలేదు. పళ్ళెం పట్టుకున్న నాలుగు చేతుల వంకా చూసింది. ఊరంతా వినేలా మైకులోనే అంది.

"నేను కట్టుకోమననండి. మేం లేనప్పుడు మీ దొర ఎవర్నడిగి కట్టుకున్నాడో, మీరూ వెళ్ళి వాళ్ళనే అడగండి."