బొనేర్ పోయేటోనికి ఈత

సకల జనుల సమ్మెకు నెల ముందు నుంచే జగన్‌కు కడుపు మండుతున్నది. సర్కారు మీద గాదు, ఆఫీసుల పక్క కుర్చీ మురళీకృష్ణ మీద.

ఇద్దరూ దిల్‌సుఖ్‌నగర్‌ల గంగాధరరావు ట్రావెల్స్‌ల పనిచేస్తరు. కరీబియన్ సముద్రంల బొనేర్ అనే దీవి ఉన్నదట. ఆడి రిసార్టోళ్లు ఏజెన్సీ మనిషిని ఒక్కణ్ణి ఉత్తగనే పిలిచి, వీపుకు గాలి సిలిండర్ కట్టి సముద్రం అడుగు చూపిస్తరట. చూసొచ్చి ఇక్కడ కస్టమర్లకు చెప్పాలె. "నువ్వే వెళ్లాలయ్యా జగన్, ఈతగాడివి" అన్నడు గంగాధరరావు. నిజమే. నల్లగొండ దిక్కు వాళ్ల ఊర్ల బాయిల బిందె పడితే జగన్‌నే పిలిచేటోళ్లు. ఒక్క ఊపిరి మీద అడుగుకు పోయి బిందెతోటి తేలేటోడు.

కని పాస్‌పోర్టు ఉండాలె గద. వందల మందికి ఫారాలు నింపినోనికి తనకంటూ ఒకటి లేకపాయె. అప్పటికప్పుడు దరఖాస్తు పెడితే పోలీసు ఎంక్వైరీల రైల్‌రోకో కేసు బయటపడ్డది. తెలంగాణ కోసం గంటసేపు పట్టాల మీద కూసున్నందుకు ఫైలు ఆడనే ఆగింది. బొనేర్ పాస్‌పోర్టున్న మురళికి పోయింది. గుంటూరు పిల్లగాడు, ఎల్బీనగర్‌ల ఉంటడు, మోకాళ్లలోతు నీళ్లల్ల దిగాలన్నా దేవుళ్లందరికీ మొక్కుతడు.

మరి టికెట్లు ఎవలు బుక్ చేయాలె? జగనే. వీసా ఫారం, హోటలు, నడిమిట్ల విమానం మారుడు, అన్నీ జగన్ చేతులమీదనే. ప్యాసింజర్ పేరు కాడ మురళి పేరు కొట్టాలంటే వేళ్లు ఆడకపోయేవి. మండదా మరి? ఎవలకైనా మండుతది.

పైనుంచి ఈత గూడ నేర్పాలంట. సమ్మెకు బస్సులు బంద్. రోజూ పొద్దుగాల మురళిని బండెక్కించుకొని చంపాపేట్‌ల స్విమ్మింగ్‌పూల్‌కు తీస్కపోయేటోడు. "ఊపిరి బిగబట్టు, పైకొచ్చేదాక విడువకు" అని బాయి పద్ధతే నేర్పిండు. తనకు తెల్సింది అదొక్కటే. మురళి మొండోడు, నేర్చుకున్నడు గూడ.

సమ్మె ఇరవయ్యో రోజు రిసార్టు నుంచి మెయిల్ల సూచనల కాగితమొచ్చింది. ప్రింటు తీసుకుంట జగన్ చదివిండు. మొదటి మాటే, నీళ్లల్ల ఎన్నడూ ఊపిరి బిగబట్టొద్దని. సిలిండర్ గాలి పీల్చి, బిగబట్టుకొని పైకొస్తే ఊపిరితిత్తులు పగులుతయట, పానం గూడ పోవచ్చట.

జగన్ కాగితం మడిచి సొరుగుల పెట్టిండు. రేపు చెప్త అనుకున్నడు. తెల్లారింది, చెప్పలే. ఆడ ఎట్లాగూ వాళ్లే చెప్తరు గద అని తనకు తానే సర్దిచెప్పుకున్నడు. వాళ్లు చెప్పకపోతే? ఆ ఆలోచన లోపల తియ్యగ తగిలితే తన మీద తనకే రోత పుట్టింది. అయినా సొరుగు తెరువలే.

ఆరు రోజులు గడిచినయ్. తెల్లారితే మురళి ప్రయాణం. పూల్‌ల మునిగి లేచి, మొఖం తుడుచుకుంట అడిగిండు. "నిమిషం పది సెకన్లు బిగబట్టాను గురూ. అక్కడా ఇలాగే చేస్తే చాలంటావా?"

ఔనంటే అయిపోతుండె.

"వద్దు" అన్నడు జగన్. "ఆడ బిగబట్టొద్దు. పీలుస్తనే ఉండాలె, విడుస్తనే ఉండాలె. నేను నేర్పింది తప్పు. కాగితమొచ్చి ఆరు రోజులైంది. నేనే దాచిన."

"ఎందుకు?"

"నువ్వు పోతున్నవని."

మురళి గట్టు మీద కూసున్నడు. "ఆ మెయిల్ కాపీ నాకూ వచ్చింది జగన్. ఆ రోజే చదివాను."

"మరి రోజూ బిగబట్టినవ్ గద?"

"నువ్వెప్పుడు చెప్తావా అని చూశాను."

జగన్ తలెత్తలేకపోయిండు. తిడితే బాగుండు, రెండు గుద్దినా బాగుండు. మురళి తిట్టలే. "చెప్పావు కదా, ఇంక వదిలెయ్" అని భుజం మీద చెయ్యేసిండు. దీవీ వీనికే, పెద్దమనసూ వీనికేనా అని జగన్‌కు మల్ల కడుపు మండింది.