కుజారావు టీ అడిగాడు

"ఏమోయ్, ఇంకో టీ!"

ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకి ఇది నాలుగో టీ. బాలాత్రిపురసుందరి గిన్నెలో నీళ్లు పోసి స్టవ్ మీద పెట్టింది. ఇంట్లో ఆమెకి ఆ పేరు లేదు. అత్తగారికి అమ్మాయ్, ఆఫీసులో మేడమ్, మొగుడికి ఏమోయ్. అంత పెద్ద పేరు పెట్టిన పెద్దలకి దాన్ని పిలిచేవాళ్లు ఉండాలని తట్టలేదు కాబోలు.

ముందుగదిలో పేకాట నడుస్తోంది. మొగుడు త్రినాథరావు, ప్రొడక్షన్ మేనేజర్ పట్టాభిరామయ్య, అసిస్టెంట్ ఎడిటర్ వెంకటనర్సయ్య. పాటల షూటింగుకి విదేశం వెళ్లిన పట్టాభిరామయ్య పోకర్ నేర్చుకొచ్చాడు. అప్పట్నుంచీ ఫిల్మ్‌నగర్ మెట్టమీద ఈ మేడభాగంలో ప్రతి ఆదివారం అదే ఆట. అయిదు ముక్కలు, చింతపిక్కలే పందెం. చేతిలో ఏముందో ఎవరికీ తెలియదు. ఏమీ లేనివాడు అన్నీ ఉన్నట్టు కూర్చుని పిక్కలు ముందుకి తోసేస్తే, ఉన్నవాడు కూడా భయపడి ముక్కలు పడేస్తాడు. నమ్మనివాడు "షో" అనాలి. అప్పుడు ముక్కలు తిప్పి చూపించక తప్పదు.

టీ కప్పులు పట్టుకెళ్లి మొగుడి భుజం మీదుగా వంగి పెట్టింది. అతని చేతిలో రెండు, అయిదు, తొమ్మిది, జాకీ, రాణి. జత కూడా లేదు. వట్టి చెత్త. ఆ చెత్తని పట్టుకుని అతను కప్పు అందుకుని, ఊదుకుని, తీరిగ్గా ఒక గుక్క తాగి పది పిక్కలు తోశాడు. పట్టాభిరామయ్య నిట్టూర్చి ముక్కలు పడేశాడు. నర్సయ్య కూడా పడేశాడు.

ముగ్గురి ముక్కలూ ఆమెకి కనిపిస్తాయి. ఎవరూ దాచుకోరు. టేబుల్ ఫ్యానుకి కనబడకుండా ముక్కలు దాచుకునే మగాణ్ణి చూశారా?

ఆమె కంప్యూటర్ ప్రోగ్రామర్. ఇది 1994. అమీర్‌పేటలో ఒక చిన్న కంపెనీలో జీతాల లెక్కల ప్రోగ్రాంలు రాస్తుంది. కిందటేడు ఆఫీసువాళ్లు పాత కంప్యూటరొకటి పక్కన పడేస్తే అడిగి తీసుకుని ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది. చెక్‌పోస్టు దాటి ఆటో ఎత్తు ఎక్కుతుంటే పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుంది. "ఇదెందుకు, బట్టలుతికే మిషనైనా కాదు," అన్నారు ఆ వారం చూడ్డానికొచ్చిన అత్తగారు శ్యామలాదేవి. పొద్దున్నే పాల ప్యాకెట్లు రాకముందు, నీళ్ల ట్యాంకర్ హారన్ కొట్టకముందు, ఆమెకి ఒక గంట దొరుకుతుంది. ఆ గంటలో ఆమె జీతాల లెక్కలు రాయదు. ఒక యంత్రానికి పోకర్ నేర్పుతోంది.

ఎందుకంటే ఆమెకి ఒక సందేహం పట్టుకుంది. లెక్క చెయ్యడం యంత్రానికి తెలుసు. అబద్ధమాడటం నేర్పగలమా? మొదట నిజాయితీగా ఆడించింది. మంచి ముక్కలొస్తేనే పందెం పెంచేది. మూడు ఆటల్లో దాని బండారం తెలిసిపోయింది, నాలుగో ఆటకి చిత్తుగా ఓడించింది. తర్వాత అయిదాటలకి ఒకసారి అబద్ధమాడమని రాసింది. ఆడింది, కానీ వేళాపాళా లేని అబద్ధం. అబద్ధమాడేవాళ్లు ఎప్పుడాడతారు? ఆడేటప్పుడు ఏం చేస్తారు? పుస్తకాల్లో దొరకలేదు. ముందుగదిలో దొరుకుతుందేమో చూద్దామనుకుంది.

గ్యాస్ సిలిండర్ తేదీలు రాసుకునే క్యాలెండర్ వెనకవైపు గీతలు పెట్టడం మొదలుపెట్టింది. పట్టాభిరామయ్య అబద్ధమాడేటప్పుడు షూటింగు కబుర్లెత్తుతాడు. నర్సయ్య అసలు ఆడడు, ఆడితే చెవులు ఎర్రబడతాయి. ఇక మొగుడు. నాలుగు ఆదివారాలు, ఇరవైమూడు టీలు. అందులో పందొమ్మిదిసార్లు అతని చేతిలో ఏమీ లేదు.

ఆ పూట క్యాలెండర్ చేత్తో పట్టుకుని అలా నిలబడిపోయింది. ఇన్నాళ్లూ అతనికి తలనొప్పనుకుంది. కథలు రాసే మనిషి, బుర్ర వేడెక్కుతుందనుకుంది. అల్లం దంచింది, యాలకులు వేసింది. తీరా చూస్తే ఆ టీ దాహానికి కాదు. "ఏమోయ్" అని కేకేస్తే ఒక మనిషి వెంటనే పరిగెత్తుకుని రావడం, అది చూసి అవతలివాళ్లు వీడు ధీమాగా ఉన్నాడనుకోవడం. అతని చేతిలో లేని ఆసు ఆమే. కోపం రావాల్సింది. వచ్చింది కూడా. కానీ దానికంటే ముందు, ఇంత చక్కని సూత్రం దొరికిందన్న సంబరం వచ్చింది. మర్నాడు పొద్దున్నే కూర్చుని అది యంత్రానికి నేర్పేసింది.

యంత్రానికి ఒక మనిషిని కూడా అల్లింది. మనిషంటే మనిషి కాదు. కుజారావు. కుజగ్రహం నుంచి పెళ్లిచూపులకొచ్చాడు. ఎక్కడికి వెళ్లినా కుజదోషం ఉందని పిల్లనివ్వలేదు. తిరిగి వెళదామంటే రాకెట్లో పెట్రోలు లేదు. ఏం తోచక పేకాటకి కూర్చున్నాడు. మూడు చేతులు. తెరమీద ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట్లాడతాడు. గెలిస్తే "మా ఊళ్లో ఇద్దరు చందమామలు, ఇద్దరూ మీకంటే బాగా ఆడతారు" అంటాడు. ఓడితే "ఊపిరి పీల్చుకుంటూ ఆలోచించేవాళ్లతో ఆడకురా అని మా అమ్మ చెప్పింది" అంటాడు. అబద్ధమాడేటప్పుడు మాత్రం "ఏమోయ్, ఇంకో టీ!" అంటాడు.

అవి రాసుకుంటూ ఒక్కతే కిసుక్కుమనేది. "ఏంట్రా ఇది, పొద్దున్నే పెట్టె ముందు కూర్చుని నవ్వుకుంటోంది?" అని మళ్లీ చూడ్డానికొచ్చిన అత్తగారు కొడుకుని అడిగారు. "ఏదో ఆఫీసు పనిలేమ్మా," అన్నాడు త్రినాథరావు, పేపర్లోంచి తలెత్తకుండా.

తలెత్తింది మొన్న గురువారం. ఆమె స్నానానికెళితే ఊరికే మీటలు నొక్కాడు. కుజారావు పలకరించాడు. ఆమె తల తుడుచుకుంటూ వచ్చేసరికి అతను పడీపడీ నవ్వుతున్నాడు.

"ఇది నువ్వు రాశావా?"

"ఊఁ."

"నువ్వే? ఈ మాటలన్నీ?"

ఆరేళ్లలో అతను ఆమెని అంత ఆశ్చర్యంగా చూడటం అదే మొదలు. ఆమెకి ఒళ్లు పులకరించింది. సిగ్గులేని ఒళ్లు, కాస్త మెచ్చుకుంటే చాలు.

సాయంత్రానికి ఆ ఆశ్చర్యం వేరే దారి పట్టింది. పట్టాభిరామయ్య కంపెనీలో గ్రహాంతరవాసి మీద హాస్య చిత్రం అనుకుంటున్నారు. రచయిత కోసం వెతుకుతున్నారు. త్రినాథరావు ఫోన్ చేసి కుజారావు గురించి చెప్పాడు. తను రాశానని చెప్పాడు.

"ఆదివారం వచ్చి చూస్తారు. మొదట్లో పేరొచ్చే చోట నా పేరు పెట్టెయ్."

ఆమె కంప్యూటర్ వైపు చూసింది.

"నీ పేరుంటే ఏమొస్తుంది చెప్పు? నిన్ను పిలిచి సినిమా ఇస్తారా? నా పేరైనా నీ పేరైనా ఒకటే కదా మనకి!"

"ఒకటే అయితే నాదే ఉంచుదామండీ."

"నీకు తెలీదూ?" అన్నాడు. గొంతు మారింది. "ఏడేళ్లు."

ఆమెకి తెలుసు. ఏడేళ్లుగా అతను ఒక పెద్ద రచయిత దగ్గర సీన్లు రాస్తున్నాడు. తెరమీద పడేది గురువుగారి పేరొక్కటే. ఈ కొండమీద అందరికీ తెలిసిన పద్ధతే అది. రాసేవాడు ఒకడు, దండలు పడేది ఇంకొకడి మెడలో. ఒకసారి సినిమా హాల్లో, జనం విరగబడి నవ్వుతుంటే, చీకట్లో ఆమె చెవి దగ్గర "అది నాది" అన్నాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. పక్కన కూర్చుని ఆమె ఏడ్చింది. తన కడుపు మండిన చోటే అతను ఇవాళ ఆమె కడుపు మీద కాలు పెడుతున్నాడు, ఆ సంగతి అతనికి తెలియడం కూడా లేదు. ఆఫీసులో మేనేజర్ వెంకటేశ్వరరావు గారిదీ ఇదే పాట. "మీరు రాయండమ్మా, క్లయింటు ముందు మావాడు మాట్లాడతాడు." ఆయనా చెడ్డవాడేం కాదు. చెడ్డవాళ్లయితే తిట్టి పడేద్దును అనుకుంది, వీళ్లందరూ మంచివాళ్లవడంతోనే వచ్చింది చిక్కంతా.

శనివారం పొద్దున్న కూర్చుని పేరు మార్చింది. ఒక్క నిమిషం పని. రచన: త్రినాథరావు. తర్వాత ప్రోగ్రాంలో కిందికి వెళ్లి టీ వాక్యం దగ్గర ఆగింది. దాన్ని తీసేయడం కూడా ఒక్క నిమిషమే. మీట మీద వేలు పెట్టి చాలాసేపు కూర్చుంది. తీస్తే అతను గట్టెక్కుతాడు. ఉంచితే? ఉంచితే ఏమవుతుందో ఆమెకి నిజంగా తెలియదు. యంత్రానికి అబద్ధం నేర్పినప్పుడు కలిగిన కుతూహలమే మళ్లీ కలిగింది. చూద్దాం అనుకుంది. వేలు తీసేసింది.

ఆదివారం. ముగ్గురూ కంప్యూటర్ ముందు చేరారు. పట్టాభిరామయ్య ఆడుతున్నాడు, నర్సయ్య పక్కన, త్రినాథరావు వెనక కొత్త లాల్చీలో. పేరు కనపడగానే పట్టాభిరామయ్య వీపు మీద చరిచాడు. "శభాష్ త్రినాథం! ఇన్నాళ్లూ ఎక్కడ దాచావయ్యా వీణ్ణి?"

ఆమె వంటింట్లో మిరపకాయ బజ్జీలు వేయిస్తోంది. కుజారావు మాటలకి ముందుగదిలో నవ్వులు. ఒక్కో నవ్వూ ఏ వాక్యానికో ఆమెకి తెలుస్తోంది. బజ్జీ తిప్పుతూ, అది నాది, అనుకుంది. ఇంకో నవ్వు. అదీ నాదే. నూనె చిటచిటలాడింది.

"ఏమోయ్ ఇంకో టీ, అంటున్నాడు చూడు!" పట్టాభిరామయ్య గొంతు. "కుజుడిక్కూడా పెళ్లామున్నట్టుంది! ఇంత ధీమాగా ఉన్నాడంటే మంచి ముక్కలే. పడేస్తున్నా."

కాసేపటికి మళ్లీ అదే. మూడోసారి నర్సయ్య అన్నాడు, "జర ఆగు పట్టాభన్నా. ఈసారి పడెయ్యకు. షో అను."

అన్నాడు. కుజారావు ముక్కలు తిప్పాడు. చెత్త.

"ఇంకోసారి చాయ్ అడగనియ్." అడిగాడు. షో. మళ్లీ చెత్త.

నవ్వులు ఆగిపోయాయి. ఎడిటింగు గదిలో రోజంతా ఒకే ముక్క ఫిల్ముని వెనక్కీ ముందుకీ తిప్పి చూసే మనిషి నర్సయ్య. ఒకసారి కనిపించింది మళ్లీ కనిపిస్తే పట్టుకుంటాడు.

"త్రినాథన్నా," అన్నాడు మెల్లగా. "నువ్వు గిట్లనే జేస్తవ్ గదనే? పోయిన ఐతారం నాలుగుసార్లు చాయ్ అడిగినవ్. నాలుగుసార్లు మేం ముక్కలు పడేసినం. నీ చేతుల ఏమున్నయో ఎన్నడన్న చూసినమా?"

"ఊరికే సరదాకి రాశానయ్యా..."

"ఎట్ల రాస్తవే? దొంగ తన దొంగతనం తనే రాసుకుంటడా? రాసుకుంటే, మాకే తెచ్చి చూపిస్తడా? నువ్వు గిట్ల జేస్తవని నీకే ఎరుక లేదు. ఇది నువ్వు రాసింది కాదు. నీ ఎనక నిలబడి నీ ముక్కలు చూసినోళ్లు రాసిండ్రు." వంటింటి వైపు తిరిగాడు. "వదినమ్మా! ఏడాది సంది నీ చేతి చాయ్ తాగుతున్నం. నీ పేరేందో ఎన్నడడగలే. సిగ్గుండాలె మాకు. నీ పేరేంది వదినా?"

బాలాత్రిపురసుందరి చేతిలో జల్లిగరిటె ఆగిపోయింది. భయమనుకుంది గానీ భయం కాదు. ఇప్పుడు అతనేం చేస్తాడో చూడాలని.

"ఏంటయ్యా నర్సయ్యా నీ గోల!" త్రినాథరావు పెద్దగా నవ్వాడు. ఆ నవ్వుకి అడుగు లేదు. కుర్చీలో వెనక్కి వాలాడు. కాలు మీద కాలు వేసుకున్నాడు. "పేరు కనపడుతోంది కదా తెరమీద! రాసింది నేనే. మొత్తం నేనే." వంటింటి వైపు తల తిప్పకుండానే, తీరిగ్గా, ధీమాగా కేకేశాడు.

"ఏమోయ్, ఇంకో టీ!"

నర్సయ్య తెరవైపు చూసి, త్రినాథరావు వైపు చూశాడు. త్రినాథరావుకి తను ఏమన్నాడో అప్పటిగ్గానీ చెవికెక్కలేదు. కాలు మీది కాలు నెమ్మదిగా దిగింది.

ఆమె స్టవ్ ఆపింది. చేతులు కడుక్కుంది, కొంగుకి తుడుచుకుంది. ఖాళీ చేతులతో ముందుగదిలోకి వచ్చి, స్టూలు లాక్కుని, మొగుడికి ఎదురుగా కూర్చుంది.

"నా పేరు బాలాత్రిపురసుందరి," అంది నర్సయ్యతో.

తర్వాత మొగుడి కళ్లలోకి చూసింది.

"షో."