చావని పురుగు పాఠం

బోర్డు మీద సుద్దతో గీసిన పురుగు బొమ్మను గోపాలరావు తన కండువాతోనే తుడిచేశాడు. పదో తరగతి పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. వరండాలో పప్పు గిన్నె దించుతున్న ఆదిలక్ష్మమ్మ అట్లాగే నిలబడిపోయింది. బడిలో మధ్యాహ్నం వంట ఆమెదే.

"కోతి నుంచి మనిషి పుట్టాడని చెబుతున్నావంట! పుస్తకంలోంచి తీసేసిన పాఠం నీకెందుకమ్మా? దేవుడే లేడంటావా?" గోపాలరావు గద్దించాడు.

"దేవుడి మాట నేనెత్తలేదండీ," అంది వాసంతి టీచర్. "మిరపలో పురుగు ఎందుకు చావడం లేదో చెప్పాను."

అదీ అసలు మంట! ఊళ్లో సగం పొలం గోపాలరావుది. పురుగుమందుల కొట్టూ ఆయనదే. ఆయన పొలం కౌలుకు చేసేవాళ్లు మందు ఆయన కొట్లోనే కొని తీరాలి. పురుగు చావలేదంటే డోసు డబుల్ చెయ్యమంటాడు, పైన ఇంకో మందు కలపమంటాడు. టీచరేమో, మందును తట్టుకున్న పురుగులే మిగిలి పిల్లల్ని పెడతాయి, ఆ పిల్లలూ తట్టుకుంటాయి, పరిణామమంటే మీ చేలో జరుగుతున్నదే అని చెప్పింది.

ఆ డబుల్ డోసు కొడుతూనే ఆదిలక్ష్మమ్మ మొగుడు హనుమయ్య చేలో నురగలు కక్కి పడిపోయాడు. నరసరావుపేట ఆసుపత్రి నుంచి ప్రాణాలతో వచ్చాడు గానీ, ఇవాళ్టికీ చేతులు వణికి ముద్ద కలుపుకోలేడు. మూతికి గుడ్డ కట్టుకోలేదని వాణ్ణే తిట్టిపోశాడు గోపాలరావు. ఆ పెద్దమనిషికి ఇప్పుడు దేవుడు గుర్తొచ్చాడు!

సాయంత్రం బడి ఆవరణలో మీటింగు పెట్టారు. బడి కమిటీ ఛైర్మన్ కూడా గోపాలరావే.

"ఈమె దేవుణ్ణి తిట్టింది. పంపించెయ్యాల. ఆదిలక్ష్మీ, నువ్వు విన్నావు గదా, చెప్పు."

ఆదిలక్ష్మమ్మ లేచి నిలబడింది. వంట పని ఆయన ఇప్పించిందే, కౌలు చేనూ ఆయనదే. ఒక్క మాటతో రెండూ ఊడతాయి.

"విన్నా. దేవుణ్ణేం అనలా. నీ మందుని అన్నది."

"ఏమే, నోరు లేస్తందే!"

"లేస్తది! నా మొగుడు పడిపోయేదాకా ఈ సంగతి మాకెవుడన్నా చెప్పాడా? ఇప్పుడు పిల్లకాయలకి చెబుతుంటే టీచరమ్మ నోరు నొక్కుతుండావు. ఈళ్లకి తెలిస్తే నీ కొట్టు మూతపడుద్దనేగా నీ ఏడుపు?"

కౌలురైతు జమీర్ లేచాడు. "అక్క చెప్పింది నిజం. పుస్తకంలోంచి తీసేస్తే పురుగు చేలోంచి పోద్దా బాబాయ్?"

జనం గొల్లున నవ్వారు. ఆ నవ్వుకు గోపాలరావు మొహం కందగడ్డయింది.

"రేపట్నుంచి మీరెవరూ నా చేలో అడుగుపెట్టబాకండి!"

"రాం పో!" మిరపకాయ కోతకు పోయే ఆడవాళ్లంతా ఒక్కసారి లేచారు. "నీ కాయలు నువ్వే కోసుకో!"

తెల్లారి గోపాలరావు చేలో కాయలు ఎర్రగా పండి ఉన్నాయి, కోసే దిక్కు లేదు. కూలీలంతా బడిలో ఉన్నారు. గది చాలక వరండాలో, వరండా చాలక మట్టిలో కూర్చున్నారు. వాసంతి చెప్పడం మొదలుపెట్టింది.

పోలీసు జీపు వచ్చింది. టీచర్ మీద గోపాలరావు కేసు పెట్టాడట. ఎస్సై దిగి, గుమ్మం దాకా నిండిన జనాన్ని చూసి ఆగాడు.

"పక్కకు జరగండి! ఎవరు మీరంతా?"

ఒక్కరూ జరగలేదు. ఆదిలక్ష్మమ్మ కూర్చున్నచోటి నుంచే తలెత్తింది.

"పదో తరగతి," అంది. "టీచరమ్మా, నువ్వు చెప్పు."